కడలిలో వెలసిన ఊరు



గోదావరీ కృష్ణానదుల తీరములందుండువారికి లంక యన నేమో నేను చెప్పనక్కఱ లేదు. వరదలలో నది మోసికొనివచ్చిన ఒండ్రుమట్టి నడుమ నెచ్చటనో నిలుచును. దానిపై రెల్లు మొలచును. రెల్లు పట్టిన చోట మఱల మట్టి చేరును. కొన్ని తరములు గడచునప్పటికి అది మనుష్యులు నివసింపదగిన భూమి యగును. తాత చూచినది ఇసుకదిబ్బ. మనుమడు దున్నునది పొలము. ప్రకృతి భూమిని చేయు విధ మిది. దానికి తొందర లేదు.

ఈ పనినే మనుష్యుడు యంత్రములతో నాలుగైదేండ్లలో ముగింపదలచిన నేమగును? అట్లు చేసిన నేలమీద వేలకొలది కుటుంబములు కాపురముండు పట్టణమును కట్టవచ్చునా? కట్టినచో అది ఊరగునా, లేక ఇండ్ల వరుస మాత్రమే యగునా? ఈ ప్రశ్నలకు సమాధానముగా, మనకు మిక్కిలి దూరము కాని యొక దేశమున నిజముగా వెలసిన పట్టణముయొక్క వృత్తాంతమును నేడు మీకు విన్నవింతును. దాని పేరు హుళుమాలే. అది హిందూమహాసముద్రమునందలి మాలదీవులలోనిది.

మాలదీవులు మన దేశమునకు క్రొత్తవి కావు. పూర్వము బంగాళ ఓఢ్ర దేశములందు చిల్లర నాణెముగా చెల్లుచుండిన గవ్వలు ఆ దీవులనుండియే ఓడలలో వచ్చుచుండెడివి. క్రీ. శ. 1343లో అచ్చటికి బోయి కొంతకాలము న్యాయాధిపతిగా నుండిన ఇబన్ బటూటా అను యాత్రికుడు ఈ గవ్వల వ్యాపారమును గూర్చి వ్రాసియున్నాడు. వారు తమ పడవను దోనీ యందురు. మన దోనె వెంటనే జ్ఞప్తికి వచ్చును. మన రైతులు కార్తెలను లెక్కించునట్లే వారును సంవత్సరమును ఇరువదియేడు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు పదుమూడు లేక పదునాలుగు దినములుంచి, గాలివానల రాకపోకలను, చేపల జాడను తెలిసికొనుచు వచ్చిరి. ఆ భాగముల పేరులు మన నక్షత్రముల పేరులే. మన ఆర్ద్ర వారికి అదా. మన మూల వారికిని మూలయే. మన రేవతి వారికి రేవ. పండ్రెండవ శతాబ్దిలో వారు ఇస్లాము మతమును స్వీకరించిరి. అయినను ఈ లెక్కను విడువలేదు. సముద్రము మీద బ్రదుకువానికి ఋతువుల లెక్క తప్పరాదు గదా!

ఈ దీవులు సుమారు 1190 కలవు. ఉత్తరమునుండి దక్షిణమునకు ఎనిమిదివందల కిలోమీటరులకు పైగా, తెగిన ముత్యాలపేరువలె నీటిలో చెదరియున్నవి. వానిలో జనులు కాపురముండునవి రెండువందలకు లోపు. ఇవి మన కొండలవంటి రాతినేలలు కావు, లంకలవంటి మట్టినేలలును కావు. వెచ్చని లోతులేని నీటియందు పగడపు పురుగులు తరతరములుగా కట్టిన గట్టులమీద, ఆ పగడములే నలిగి ఇసుకయై పేరుకొనగా నేర్పడినవి. కావున అవి మిక్కిలి పల్లపు నేలలు. ఆ దేశమంతటిలోను ప్రకృతిసిద్ధమైన అత్యున్నత స్థలము సుమారు ఎనిమిది అడుగులే. నేలలో అయిదింట నాలుగువంతులకు పైగా సముద్రమట్టమునకు మీటరుకంటె తక్కువ ఎత్తున నున్నది. మన గ్రామములలో ఇంటి అరుగుకు వేయు ఎత్తునకు కొంచె మెక్కువ యన్నమాట. అంతమాత్రపు ఎత్తుమీద ఒక జాతి ఇన్ని శతాబ్దములు నిలిచినది.

ఇట్టి దేశమున రాజధాని మాలే అను చిన్న దీవి. పూడ్చి పెంచుకొన్న భాగములతో కలిపి దాని వైశాల్యము రెండు చదరపు కిలోమీటరుల ప్రాంతము; అనగా మన యెకరముల లెక్కలో అయిదువందలు. మనలో నొక నడితరపు గ్రామముయొక్క పొలమైనను అంతకంటె పెద్దదిగా నుండును. 1911 సంవత్సరపు జనాభా లెక్కలో ఆ దేశపు ప్రజలందఱు కలిసి 72 వేలు. 2022 సంవత్సరపు లెక్కలో వారు 5 లక్షల 15 వేలు. పెద్ద బడియు, పెద్ద ఆసుపత్రియు, ప్రభుత్వ కచేరీలును, కూలిపనియు అన్నియు మాలేలోనే యున్నవి. కావున దూరపు దీవులవారు పిల్లల చదువునకని కొందఱు, రోగముల చికిత్సకని కొందఱు, జీవనమునకని కొందఱు మాలేకు చేరిరి. ఒక గదిలో ఒక కుటుంబము, కొన్ని యిండ్లలో వంతులవారీగా నిద్ర, నెలజీతములో సగము అద్దె. ఇట్లయ్యెను వారి బ్రదుకు.

ఇంతటి జనము త్రాగుటకు నీ రెచ్చటిది? ఇందులో నొక విశేషము కలదు. పగడపు దీవిలో ఇంకిన వాననీరు, ఉప్పునీటికంటె తేలిక యగుటచేత, క్రింది ఉప్పునీటిమీద తేలుచు ఒక మంచినీటి పొరగా నిలుచును. దీవిలోని బావులన్నియు ఆ పొరను నమ్ముకొన్నవే. మాలేలో జనము పెరిగినకొలది తోడకము పెరిగెను. మురుగును ఆ నేలలోనికే ఇంకెను. పొర పలుచనై, ఉప్పదనము నెక్కి, మలినమయ్యెను. 1978లో ఆ దేశమున కలరా వ్యాపించి అనేకులను బలిగొన్నది. బావిలో మంచినీ రున్నంతవరకు అది ఊరు. బావి చెడిన పిమ్మట అది ఊరు కాదని మన పెద్దలు చెప్పుట వారి యెడల అక్షరాల నిజమయ్యెను.

1987 ఏప్రిలు నెలలో మఱొక యాపద. తుపాను లేదు, వాన లేదు. ఎచ్చటనో దూరసముద్రమున పుట్టిన పెద్ద అలలు వచ్చి మాలే మీద పడెను. వీధులు మునిగెను. సముద్రమును పూడ్చి దీవికి కలుపుకొన్న క్రొత్తనేలలో కొంత భాగము కొట్టుకొనిపోయెను. ఆ సంవత్సరమే అక్టోబరులో ఆ దేశాధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ ఐక్యరాజ్యసమితి సభలో నిలిచి, సముద్రమట్టము పెరిగినచో తన దేశమునకే మరణము సంభవింపగలదని మొఱపెట్టుకొనెను. తరువాత జపాను ప్రభుత్వము సహాయమిచ్చినందున మాలే చుట్టును నాలుగు కొమ్ముల కాంక్రీటు దిమ్మలతో అడ్డుకట్ట కట్టిరి. కట్ట అలలను ఆపగలదు గాని, లోపల నిండిన జనమునకు చోటు చూపజాలదు. అందుచేత క్రొత్తనేల కావలసివచ్చెను.

ఆ క్రొత్తనేలకు వారు ఎన్నుకొన్న స్థలము మాలేకు ఈశాన్యమున, విమానాశ్రయ మున్న హుళులే దీవికి ఆనుకొనియున్న లోతులేని నీటిమడుగు. చుట్టును పగడపు గట్టు కలదు కనుక అలల తాకుడు తక్కువ. అడుగు గట్టిది కనుక పునాది దొరకును. లోతు తక్కువ కనుక పూడ్పునకు పట్టు ఇసుక తక్కువ. ఊరిచెఱువునకు స్థల మెన్నుకొనునప్పుడు పెద్దలు పల్లమును, గట్టునేలను ఎట్లు చూతురో, వీరును అట్లే చూచిరి. 1997 అక్టోబరు నెలలో పని ఆరంభమయ్యెను.

పని జరుగు విధమును టూకీగా చెప్పెదను. విశాఖపట్టణపు రేవులో అడుగు ఇసుకను త్రవ్వు ఓడలను మీలో కొందఱు చూచియుందురు. అట్టి త్రవ్వోడ సముద్రపు టడుగున నున్న పగడపు ఇసుకను నీటితోకూడ పీల్చి, పొడవైన ఇనుపగొట్టములద్వారా చిమ్మును. పూడ్చవలసిన స్థలము చుట్టు ముందుగనే గట్టు పోయుదురు. గట్టులోపల పడిన నీరు మెల్లగా బయటికి జారిపోవును, ఇసుక నిలుచును. నిలిచిన ఇసుకను యంత్రములతో చదునుచేసి, అదిమి, కొంతకాలము దిగనిత్తురు. క్రొత్తగా పోసిన గట్టుమీద వెంటనే ఇల్లు కట్టరాదని మనకు తెలియును గదా! పిమ్మట అంచులకు, మన కాలువగట్టులకు రివిట్మెంటు పరచినట్లు, పెద్దరాళ్లు పరచి అలల కోతనుండి కాపాడుదురు. ఇట్లు 2002 నాటికి 188 హెక్టారులు, అనగా సుమారు 465 ఎకరముల భూమి నీటినుండి పైకి లేచెను.

ఎంత ఎత్తు పోయవలెను? ఇది చిన్న ప్రశ్న కాదు. ఒక్క అడుగు పెంచిన లక్షలాది బండ్ల ఇసుకయు, అంతకు తగిన ధనమును కావలెను. ఒక్క అడుగు తగ్గించిన రేపటి తరమువారి గడపలోనికి నీరు వచ్చును. వారు సముద్రమట్టమునకు రెండు మీటరుల ఎత్తు, అనగా సుమారు ఆరున్నర అడుగులు నిర్ణయించిరి. మాలేలోని నేలకు ఇది ఇంచుమించు రెట్టింపు. ఈ నిర్ణయము సరియైనదా కాదా యను విషయమునకు తిరిగి వత్తును.

2004 మే నెలలో హుళుమాలేను లాంఛనముగా ప్రారంభించిరి. అప్పటికి అచ్చట నుండినవారు వేయిమందికి కొంచె మెక్కువ. నేల తెల్లని ఇసుక, చెట్టు లేదు, నీడ లేదు. ఆ ఇసుక సున్నపు గుణము కలది, ఆకు కుళ్లిన యెరువు దానిలో లేదు, పైగా ఉప్పుగాలి. కొబ్బరి, మొగలి వంటివి తప్ప తక్కినవి ఎరువును మట్టిని తెచ్చి పోసి బిడ్డలవలె పెంచవలసినవే. మాలేకు పోవలెనన్న పడవలో ఇరువది నిమిషములు. అయినను, పట్టణముయొక్క నమూనా కాగితము మీద మాత్రమే గాక నేలమీదను స్పష్టముగా నుండెను. వీధులను నిట్టనిలువుగా అడ్డముగా తీర్చిరి. ఇండ్ల వాడకు నడచిపోదగిన దూరమున బడి, మసీదు, అంగళ్లు, ఆటస్థలము నుంచిరి. కర్మాగారములకు వేఱుచోటు, పడవల రేవునకు వేఱుచోటు కేటాయించిరి. మురుగుగొట్టములను ఇండ్లకంటె ముందే భూమిలో పాతిరి. పాత ఊరిలో తప్పు జరిగినచో గోడలు పడగొట్టి దిద్దవలెను. క్రొత్తనేలకు గల గొప్ప భాగ్యము, తప్పు జరుగకమునుపే ఆలోచింప వీలుండుట.

ప్రారంభమైన ఏడు నెలలకే, 2004 డిసెంబరు 26వ తేదీన సునామి వచ్చెను. మన తీరమునకును ఆనాడు కలిగిన నష్టమును మీరెఱుగుదురు. మాలదీవులలో చనిపోయినవారును, జాడ తెలియనివారును కలిసి నూటికి పైగా లెక్కకు వచ్చిరి. కాందోళుదూ అను దీవి నివాసమునకు పనికిరాక పోగా, ఆ దీవివారందఱిని దువాఫారు అను వేఱొక దీవికి తరలించి 2009 నాటికి క్రొత్త ఊరు కట్టియిచ్చిరి. అప్పటినుండి ఎత్తైన నేల యన్నది సౌఖ్యముకొఱకు గాదు, ప్రాణముకొఱకు అని అందఱికిని తోచెను. మనకీ మాట వేఱుగా బోధింపనక్కఱ లేదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమమీదికి ఉప్పెన వచ్చినప్పుడు, గట్టునకును పల్లమునకును గల భేదము ప్రాణమునకును మరణమునకును గల భేదమై యుండెను.

ఇక క్రొత్తపట్టణమునకు నీటి మాట. పోసిన ఇసుకలో నేను పైన చెప్పిన మంచినీటి పొర సిద్ధముగా నుండదు. వాననీటిని పట్టి యుంచుకొన్నను వేలకొలది జనమునకు చాలదు. కావున సముద్రపు నీటిని గొప్ప ఒత్తిడితో సన్నని పొరలగుండ నడపి ఉప్పును వేఱుచేయు యంత్రములే వారి బావులు. ఆ యంత్రములు నడచుటకు విద్యుత్తు కావలెను. విద్యుత్తునకు చమురు కావలెను. చమురు ఓడలో రావలెను. ఒక చెంబెడు నీటివెనుక ఇంత పెద్ద గొలుసు కలదు. గొలుసులో ఒక్క కడియము తెగిన నేమగునో 2014 డిసెంబరులో మాలే నగరమునకు తెలిసినది. అచ్చటి నీటియంత్రశాలలో నిప్పంటుకొని, లక్షమందికి త్రాగునీరు నిలిచిపోయెను. అప్పుడు భారతదేశము విమానములలో నీటిని పంపెను. ఉప్పును వేఱుచేయు యంత్రములు గల నౌకాదళపు ఓడలను గూడ పంపెను. చుట్టును సముద్ర ముండగా ఆకాశమునుండి మంచినీరు దిగివచ్చుట ఎంతటి వింత! క్రొత్తఊరు కట్టువా రెవరైనను ఈ సంగతిని గుమ్మముమీద వ్రాసికొనదగును.

నీరు ఎచ్చటనుండి వచ్చుననునది మొదటి ప్రశ్న యైనచో, చెత్త ఎచ్చటికి పోవుననునది రెండవది. మాలదీవులలో 1992 నుండి రాజధానియొక్క చెత్తను తిలఫుశి అనుచోట నీటిమడుగులో పోయసాగిరి. పోయగా పోయగా అదియే ఒక దీవి యయ్యెను. ఏండ్ల తరబడి దానిని బహిరంగముగా తగులబెట్టిరి. ఆ పొగ గాలివాటమున జనమున్నవైపునకు వచ్చుచుండెను. ఒకే దేశమున మనుష్యులు రెండువిధముల దీవులను చేసిరి. ఒకటి ఆలోచించి చేసినది. మఱొకటి ఆలోచింపక చేసినది. రెండవది లేక మొదటిది నిలువలేదు. క్రొత్తపట్టణములోని యిండ్లను చూచి మెచ్చుకొనువారు, దాని పెరడును గూడ చూడవలెను.

పూడ్పునకు పగడపు ఇసుక అచ్చటనే దొరికినను, ఇండ్లు కట్టుటకు అది తగదు. దానిలోని ఉప్పు ఇనుపకడ్డీలను తినివేయును. కావున కట్టుబడికి కావలసిన నదియిసుకను, కంకరను బయటినుండి తెచ్చుకొనవలెను. 2024-25 సంవత్సరమునకు భారతదేశము ఒక్కొక్కదానిని పదేసి లక్షల టన్నులవరకు మాలదీవులకు ఎగుమతి చేయుటకు అనుమతించెను. అనగా సముద్రములో లేచుచున్న మేడలలో మన దేశపు నదుల ఇసుకయు, మన కొండల రాయియు కలవు. ఏటిలో ఇసుక తీసినకొలది బావులు దిగిపోవుటను కన్నారా చూచిన పెద్దలకు దీని యర్థము తెలియును. ఒకచోట నేల లేచినచో, మఱొకచోట నేల తగ్గియుండును. శూన్యమునుండి భూమి పుట్టదు.

2015లో హుళుమాలేకు రెండవ భాగమును చేర్చిరి. మొదటి 188 హెక్టారులకు అయిదేండ్లు పట్టగా, ఈసారి పెద్ద త్రవ్వోడలతో 240 హెక్టారులను కొన్ని నెలలలోనే పూడ్చివేసిరి. 2018 ఆగస్టులో చైనా సహాయమున కట్టిన వంతెన మాలేను, విమానాశ్రయమును, హుళుమాలేను కలిపెను. పడవకై వేచియుండు అవసరము తీరగానే జనము వేగముగా చేరసాగెను. రెండవ భాగమున ఒక్కచోటనే పదునాఱు ఎత్తైన మేడలలో ఏడువేల ఇండ్లు కట్టిరి. భారతదేశపు అప్పుతో కట్టిన ఇండ్లలో 3300 ఇండ్లను 2025 జులైలో అప్పగించిరి. వేయిమందితో మొదలైన ఊరిలో యాబదివేలకు పైగా జనము చేరినది. మొత్తముమీద రెండు లక్షల నలుబదివేల మందికి అచ్చట చోటు కల్పింపవలెనని వారి ఉద్దేశము.

ఆ లెక్కలోనే చిక్కు కలదు. ఇరుకునుండి తప్పించుకొనుటకై కదా క్రొత్తనేలను చేసిరి! జనమును మఱల ఇరువదియైదు అంతస్తులలోనికి ఎక్కించినచో, ఆ ఇరుకే నిలువుగా లేచినట్లు కాదా? దీవినేలమీద పెరిగిన ముసలివానికి సంధ్యవేళ గుమ్మము ముందు కూర్చుండి పోవువారిని పలుకరించుట యలవాటు. ఇరువదవ అంతస్తున గుమ్మ మెదుట గోడయే కలదు. ఇండ్లు తక్కువ, అడుగువారు ఎక్కువ యైనచోట ఎవరికి ముందు ఇయ్యవలెను, ఎంత అద్దె పెట్టవలెను, తెచ్చిన అప్పును ఎవరు తీర్చవలెను అను ప్రశ్నలకు ఇంజనీరులు సమాధానము చెప్పజాలరు. అవి పంచాయతి తీర్చవలసిన తగవులు.

ఇతర దేశములవారి యనుభవమును రెండు మాటలలో చెప్పెదను. హాలెండు దేశమున అమ్‌స్టర్‌డామ్ నగరమువారు ఐబర్గ్ అను పేర సరస్సులో దీవులు చేయదలచి 1997లో ప్రజల యభిప్రాయ మడిగిరి. ఓటు వేసినవారిలో ఎక్కువమంది వలదనిరి. గాని నియమమునకు తగినంతమంది వ్యతిరేకులు లేకపోయినందున పని సాగెను. వాదము జరుగుటవలన కలిగిన మేలేమనగా, నీటిపక్షులకును చేపలకును కలుగు నష్టమునకు పరిహారము ముందుగనే ఆలోచింపబడెను. దుబాయిలో తాటిచెట్టు ఆకారమున చేసిన దీవికి చుట్టును పదునొకండు కిలోమీటరుల అడ్డుకట్ట వేయగా, లోపలినీరు కదలక మురిగిపోవునను భయము కలిగినందున కట్టలో రెండు గండ్లు ఉంచవలసివచ్చెను. మలయా దేశమున జొహోరు తీరమున ఏడు లక్షలమందికని తలపెట్టిన దీవినగరమున, పదేండ్లకును కొన్ని వేలమంది మాత్రమే చేరిరి. అచ్చటి ఇండ్లను దూరదేశపు ధనికులు కొందురని తలచిరే గాని, ఇరుగుపొరుగువారు కాపుర ముందురని తలచి కట్టలేదు. కొనువాడు వేఱు, కాపురముండువాడు వేఱు. హుళుమాలే నిండుటకు కారణము, దాని యవసరము గల జనము ఇరువది నిమిషముల దూరముననే యుండుట.

ఇక నేను దాచక చెప్పవలసిన నష్టములు రెండు కలవు. మొదటిది పగడపు గట్టు. త్రవ్వోడ లేపిన సన్నని బురద నీటిలో తేలి, గట్టుమీద దిగి, పగడపు పురుగులకు ఊపిరాడనీయదు. బ్రదికియున్న గట్టు ఏటేట పెరుగుచు, అలలను విఱుచుచు, విఱిగిన పగడములను ఇసుకగా మార్చి దీవులకు పంపుచుండును. ప్రకృతిసిద్ధమైన దీవి గాలివాటమును బట్టి ఇసుకను ఒక ఒడ్డుననుండి మఱొక ఒడ్డునకు జరుపుకొని, అలలతో కూడ బ్రదుకగలదు. రాతికట్టు కట్టిన దీవి కదలలేదు. దానిని మనుష్యుడే కలకాలము కాచుకొనవలెను. ఆవును పెంచుకొన్నవాడు మేత వేయక తప్పనట్లు, భూమిని చేసికొన్నవాడు ప్రతి తరమునను దానికి రాయి, ఇసుక, ధనము వేయక తప్పదు.

రెండవ నష్టము దూరపు దీవులది. 2022 నాటి లెక్కలో దేశపు జనమున అయిదింట రెండువంతులు రాజధానీ ప్రాంతముననే యుండిరి. హుళుమాలే పెరిగినకొలది ఆ దీవులలో తలుపులు మూసిన యిండ్లు పెరుగును. బడిలో పిల్లలు తగ్గినచో ఉపాధ్యాయుడు పోవును. ఉపాధ్యాయుడు పోయినచో మిగిలిన పిల్లలును పోవుదురు. ముసలివారు మిగులుదురు. పట్టణములకు బిడ్డలను పంపి, దీపము పెట్టు దిక్కులేని లోగిళ్లను కాచుకొనుచున్న మన గ్రామపెద్దలకు ఈ మాట గ్రుచ్చుకొనకపోదు. క్రొత్తఊరు కట్టుట తప్పు కాదు. గాని పాత ఊరిలో బడియు, ఆసుపత్రియు ఉంచి యుండినచో క్రొత్తఊరికి ఇంత చోటు కావలసియుండునా యని అడుగుట ధర్మము.

ఎత్తును గూర్చిన ప్రశ్నకు మఱల వత్తునంటిని. 1901 మొదలు 2018 వఱకు ప్రపంచమున సముద్రమట్టము సగటున 20 సెంటీమీటరులు పెరిగినది. ఈ శతాబ్దాంతమునకు, ఇప్పటి మట్టముతో పోల్చగా, మనుష్యులు పొగను మిక్కిలి తగ్గించినచో 28 మొదలు 55 సెంటీమీటరులవఱకును, తగ్గింపక హెచ్చించినచో సుమారు ఒక మీటరువఱకును పెరుగవచ్చునని శాస్త్రజ్ఞుల యంచనా. రెండు మీటరుల ఎత్తున నున్న హుళుమాలేకు దీనివలన కొన్ని తరముల గడువు దొరకినది. అది శాశ్వతమైన యభయము కాదు. ఆ గడువును పెంచుట తగ్గించుట వారి చేతిలోకంటె, బొగ్గును చమురును కాల్చు పెద్ద దేశముల చేతిలో నెక్కువగా నున్నది. 2009 అక్టోబరులో ఆ దేశపు మంత్రులు నీటియడుగున కూర్చుండి సభ జరిపినది ఈ సంగతిని లోకమునకు చాటుటకే. చూచినవారిలో కొందఱు నవ్విరి. ఇల్లు మునుగువానికి అది నవ్వులాట కాదు.

కావున, అయ్యలారా, హుళుమాలే వృత్తాంతమునుండి నేను గ్రహించిన దొక్కటి. భూమిని యంత్రము చేయగలదు. ఊరిని యంత్రము చేయలేదు. ఇసుకను పోయుటకు అయిదేండ్లో, అయిదు నెలలో చాలును. త్రాగునీటికి నమ్మకమైన దారి, చెత్తకు నీతియైన చోటు, ఇండ్ల పంపకమున న్యాయము, చెట్టునకు నీడ, ముసలివానికి పలుకరింపు, వెనుక మిగిలినవారి యెడ బాధ్యత, ఇవి కలిసినప్పుడే అది ఊరు. మీ ప్రాంతమున క్రొత్తకాలని వేయుదుమని గాని, ముంపుగ్రామమును తరలింతుమని గాని, తీరమున క్రొత్తనేల పూడ్తుమని గాని ఎవరైన పటములు పట్టుకొని వచ్చినప్పుడు, పటములోని రంగులను చూచి తృప్తిపడవలదు. నీ రెచ్చటనుండి వచ్చును? మురుగెచ్చటికి పోవును? ఇసుక ఏ యేటినుండి తెచ్చెదరు? ఇల్లు ముందుగా ఎవరికి? మాతో రానివారి గతి యేమి? ఈ ప్రశ్నలను మీరే అడుగవలెను. ఇవి అడుగుటకు ఇంజనీరు చదువు అక్కఱలేదు. ఊరిలో బ్రదికిన యనుభవము చాలును. అది మీకు కలదు.